మూడువందల పద్దెనిమిదో ఆకు

ఝాన్సీకి అప్పటికే రెండు ఆకులు పోయాయి. మూడోది కూడా పోతే పేరు కొట్టేసి ఇంటికి పంపేస్తారు. ఆ విశ్వవిద్యాలయంలో నియమం అలాంటిది మరి.

ఆకు పోతే పోయింది, కొమ్మకి ఇంకోటి రాదా అనుకునేరు. అక్కడి సంగతి అలా ఉండదు. పదిహేనేళ్ల కిందట త్రివిక్రమరావు గారని ఒకాయన అక్కడ తులసాకులు ఉడికించి, ఆ కషాయంలో వెండి ఉప్పు కరిగించిన నీళ్లు పోసి, కిటికీలో ఎండ తగిలేచోట పెట్టాడు. సాయంత్రానికి అవి కాస్తా టీ డికాక్షన్ రంగుకి తిరిగాయి. కంటికి ఆననంత సన్నటి వెండి నలుసులు పుట్టాయనీ, వాటిని నానోకణాలంటారనీ చెప్పాడు. క్రిములు పెంచిన పళ్లెంలో ఆ నీళ్లు ఒక బొట్టు పెడితే, బొట్టు చుట్టూ ఉన్నవన్నీ చచ్చి, పెనం మీద అట్టుకి నడిమధ్య చిల్లు పడ్డట్టు గుండ్రంగా ఖాళీ వచ్చింది. స్కేలు పెట్టి కొలిచారు. పదకొండు మిల్లీమీటర్లు. ఆయనకి డాక్టరేటు వచ్చింది, పేపర్లో ఫొటో వచ్చింది, శాలువా వచ్చింది.

మరుసటేడు ఒకాయన వేపాకు ఉడికించాడు. చిల్లు పడింది. ఆ పైయేడు జామాకు, ఉమ్మెత్తాకు, సీతాఫలం ఆకు. అన్నీ డికాక్షన్ రంగుకే తిరిగాయి, అన్నిటికీ చిల్లు పడింది. పనిచేయని ఆకంటూ ఒక్కటీ తగల్లేదు. అదేమిటి ఒక్కటీ తగల్లేదు అని ఎవరూ అడగనూ లేదు. మన నేల అంత గొప్పది అనుకున్నారు.

పదో ఏట ఒకే నేరేడు చెట్టు కోసం ఇద్దరు పరిశోధక విద్యార్థులు జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. ఒకరి చేతిలో కొమ్మ, ఇంకొకరి చేతిలో ఆ కొమ్మ ఆకులు. దాంతో విశ్వవిద్యాలయం వారు పత్ర కేటాయింపు సంఘం వేసి, అధ్యక్షుడిగా త్రివిక్రమరావు గారినే కూర్చోబెట్టారు. ఆకుల్లో పెద్దాయన ఆయనే కదా. ఆయన నియమాలు రాశారు. ఒక ఆకుకి ఒకే డాక్టరేటు. ఒకసారి వాడిన ఆకు వినియుక్త పత్రం. దాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు, మళ్లీ చేసి చూడనూకూడదు. పేరు బయటివాళ్లకి పోకుండా, ఆకు ప్రాంగణంలో మొలిచిందే అయివుండాలి.

ఇక చూడండి ఆ ప్రాంగణం. చెట్టు చెట్టుకీ రేకు బోర్డు, బోర్డు మీద డాక్టరు గారి పేరు. ఉసిరిచెట్టు కింద నిలబడితే కాపలావాళ్లు వచ్చి, ఇది డాక్టర్ గోపీనాథ్ గారిది, దూరంగా జరగండి అనేవారు. హాస్టలు వెనక ఉన్న ఒకే ఒక్క కరివేపాకు చెట్టు జంతుశాస్త్రం వాళ్లకి పడింది. వంటమనిషి రెండు రెబ్బలు తెంపుకోవాలంటే మూడు సంతకాల నిరభ్యంతర పత్రం కావాలి. ఆ కాగితం వచ్చేసరికి సాంబారు చల్లారేది. నాలుగేళ్లుగా హాస్టలు పిల్లలు కరివేపాకు వాసన లేని సాంబారు తిని, అదే సాంబారు అనుకుంటున్నారు.

ఝాన్సీ సాలూరు దగ్గరి పిల్ల. మాట తక్కువ, పట్టు ఎక్కువ. మొదట తంగేడాకు ఇచ్చారు. ఏడాదిన్నర పనిచేశాక, రసాయనశాస్త్రంలో ఎవరో ఆమెకంటే రెండు రోజులు ముందు దాన్ని నమోదు చేశారని తేలింది. తర్వాత ఉత్తరేణి ఇచ్చారు. ప్రాంగణం మొత్తానికి ఉన్న రెండు ఉత్తరేణి మొక్కల్నీ గవర్నరు గారి రాక కోసం కలుపని పీకేశారు. రెండు నష్టాలు. మూడోసారి కౌన్సెలింగుకి ఆమె ర్యాంకు నలభై ఒకటి.

కౌన్సెలింగు సభామందిరంలో పెట్టారు. తెర మీద ఆకుల పేర్లు పడుతున్నాయి, ఒక్కొక్కటీ చెరిగిపోతోంది. కాగితంపూల ఆకు దొరికినవాణ్ణి స్నేహితులు భుజాల మీద ఎత్తుకున్నారు. ఒళ్లంతా దురదలు పెట్టే వయ్యారిభామ మొక్క దొరికిన అమ్మాయి ఇంటికి ఫోను చేసి ఏడ్చింది. సంతోషంతోనే. నలభైమంది అయిపోయాక ఝాన్సీ వంతు వచ్చింది. తెర మీద ఒక్క వరస మిగిలింది.

త్రివిక్రమరావు గారు కళ్లజోడు సరిచేసుకుని చదివారు. "వరుస సంఖ్య మూడువందల పద్దెనిమిది. స్థలము, గౌరవ ఉపకులపతి వారి ఛాంబరు. స్వరూపము, కుండీ మొక్క. జాతి, నిర్ధారింపవలసియున్నది. విశేషములు, సతతహరితము, నీరు అవసరము లేదు, చీడ పట్టదు, పన్నెండేండ్లుగా ఒక్క ఆకును రాల్చలేదు. అమ్మా, నీవు అదృష్టవంతురాలవు."

ఝాన్సీ ఆ గదికి ఒకసారి వెళ్లింది. ఆ కుండీని చూసింది కూడా.

"సార్, అది ప్లాస్టిక్ మొక్క కదండీ."

సభలో ఎవరో దగ్గారు. త్రివిక్రమరావు గారికి కోపం రాలేదు. ఆయన కోపాలన్నీ కాగితం మీదే.

"మొక్కల గణన నిమిత్తము వేయబడిన ఉపసంఘము ప్రతి కుండీని స్వయముగా లెక్కించి ధ్రువీకరించినది. తొమ్మిదిమంది ఆచార్యుల సంతకములున్నవి. నీవు కేటాయింపును తిరస్కరించుచున్నావా? తిరస్కరణను మూడవ పత్రనష్టముగా పరిగణింపవలసివచ్చును."

అయిదేళ్లు పోసిన చదువు. ఇంటి దగ్గర అమ్మ ఊరందరికీ మా పిల్ల డాక్టరవుతోందని చెప్పేసి, ఏ డాక్టరని అడిగినవాళ్లకి జవాబు వెతుక్కుంటోంది. ఝాన్సీ సంతకం పెట్టేసింది.

ఆకు తేవడానికి తోడుగా సూరీడమ్మని పంపారు. ప్రయోగశాలలో పదిహేనేళ్లుగా ఆకులు ఉడకబెట్టేది ఆవిడే. డాక్టరేట్లు ఎవరికొచ్చినా చేతులు కాలేది సూరీడమ్మవి. ఉపకులపతి గారు ఊళ్లో లేరు. కుండీ దేవుడి పటం పక్కనే ఉంది. ఆకుల మీద వేలెడు దుమ్ము, ఆ దుమ్ము మీద రోజూ వేసే సాంబ్రాణి పొగ నల్లగా పేరుకుంది. ఝాన్సీ ఆకు తెంపబోతే అది సాగింది గానీ ఊడలేదు.

"కత్తెర తెచ్చినాను, ఉండమ్మా," అంది సూరీడమ్మ. "దీన్నేటి నాకు నువ్వు సూపించడం. వారం వారం సబ్బునీల్లతో తోమినదాన్ని నానే గద."

"మరి ఇంత మట్టి పట్టిందేం పిన్నీ?"

"రెండేల్లయి ముట్టుకోనివ్వట్లేదమ్మా. ఇది రిజిస్టరైన మొక్కంట. తోమితే సారం పోద్దంట."

ఆకు వెనక అచ్చు పోసిన అక్షరాలున్నాయి, ఏ కంపెనీదో. ఝాన్సీ వాటిని చూసి పక్కకి తిరిగి నిలబడింది. సూరీడమ్మ మాత్రం కత్తిరించిన అయిదాకుల్నీ తమలపాకుల్లా దొంతి పెట్టి కొంగులో మూటకట్టుకుంది.

ఝాన్సీ గైడు విశ్వంభరం గారు. మనిషి మంచివాడే. ఎవరికీ ఎదురు చెప్పి ఎరగడు, అంత మంచివాడు. ఆకు తిరగేసి అక్షరాలు చూపిస్తే ఆయన కిటికీలోంచి బయటికి చూశారు.

"ఇది మొక్క కాదనడం నీ అభిప్రాయమా, సంఘం అభిప్రాయమా?"

"చూస్తే తెలుస్తోంది కదండీ."

"చూసి చెప్పేదయితే ఇన్ని యంత్రాలెందుకమ్మా మనకి. సంఘం మొక్కంది. మనం ఇక్కడ కూర్చున్నది సూక్ష్మజీవుల్ని ఎదిరించడానికి గానీ సంఘాన్ని ఎదిరించడానికి కాదు. పద్ధతి ప్రకారం చెయ్యి. రంగు రాలేదనుకో, అప్పుడు ఆలోచిద్దాం."

ఆ చివరి మాట పట్టుకునే ఝాన్సీ పనిలోకి దిగింది. రంగు రాదని ఆమె ధీమా. రాకపోతే, రాలేదని రాసిచ్చి ఇంకో ఆకు అడగొచ్చు. సూరీడమ్మ నీళ్లు మరిగించి ఆకులు వేసింది. ఆకులు మెత్తబడలేదు గానీ రెండేళ్ల దుమ్మూ, పొగమసీ, మనుషుల చేతిజిడ్డూ నీళ్లలోకి దిగాయి. వడకడితే గంజిలా చిక్కటి నల్లనీళ్లు వచ్చాయి. అందులో వెండి ఉప్పు నీళ్లు పోసి కిటికీలో పెట్టారు.

సాయంత్రానికి డికాక్షన్ రంగు. చిక్కటిది. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు తాగేంత చిక్కటిది.

మూడో రోజు పళ్లెం తీసి స్కేలు పెట్టారు. పంతొమ్మిది మిల్లీమీటర్లు. ఆ శాఖ పుట్టాక అంత చిల్లు ఎవరికీ పడలేదు. విశ్వంభరం గారు కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచారు.

"చూశావా. నువ్వు మొక్క కాదన్నావు."

సాయంకాలం కల్లా వార్త పాకిపోయింది. ఉపకులపతి గారు ఢిల్లీ నుంచి ఫోన్ చేసి, తన గదిలో మొక్కకి మొదటినుంచీ ఏదో కళ ఉందని తనకి తెలుసన్నారు. కుండీకి దండ వేశారు. ఝాన్సీకి కూడా వేశారు గానీ కుండీకి వేసిందే పెద్దది.

ఒక్క ఝాన్సీకే నిద్ర పట్టడం మానేసింది. ప్లాస్టిక్ ముక్క క్రిముల్ని చంపడమేమిటి. అలా చంపేదే అయితే మనింట్లో మగ్గూ బకెట్టూ పెట్టుకుని ఎవరికీ జ్వరాలే రాకూడదు. నాలుగు రోజులు అటూ ఇటూ తిరిగి, అయిదో రోజు ఆ శాఖలో పదిహేనేళ్లుగా ఎవరూ చేయని పని ఒకటి చేసింది. అసలు ఆకే వేయలేదు. ఉత్త వెండి ఉప్పు నీళ్లు ఒక బొట్టు పళ్లెంలో పెట్టి మూత వేసింది.

చిల్లు పడింది. ఇరవై మిల్లీమీటర్లు. ప్లాస్టిక్ ఆకు వేసినదానికంటే ఒకటి ఎక్కువే.

నమ్మలేక మళ్లీ చేసింది. ఇరవై. ఇంకోసారి చేసింది. ఇరవై. స్టూలు మీద కూలబడి స్కేలు వంకే చూస్తూ ఉండిపోయింది. చంపేది వెండి. ఆకుల్లో చంపేదేదో ఉందో లేదో ఆ పదిహేనేళ్లలో ఒక్కరూ చూడలేదు. చూడాలంటే ఆకు లేకుండా ఒక పళ్లెం పెట్టాలి. ఆకు లేని పళ్లేనికి డాక్టరేటు లేదు కాబట్టి ఎవరూ పెట్టలేదు.

సూరీడమ్మ గచ్చు తుడుస్తూ వచ్చి ఆగింది. "ఏటమ్మా అలగున్నావు? సిల్లు పడనేదా?"

"పడింది పిన్నీ. ఆకు లేకుండానే పడింది."

సూరీడమ్మ గుడ్డ బకెట్టులో పడేసి అరచేతులు చూసుకుంది. పదిహేనేళ్ల మచ్చలు.

"మరి నాను ఉడకబెట్టిన ఆకులన్నీ?"

ఝాన్సీ లేచి స్టూలు ఆమె వైపు జరిపింది.

"ఆ ముక్కేదో ముందే సెప్పుంటే బోల్డు గేసు మిగిలేది గదమ్మా," అంది సూరీడమ్మ. "పోనీలే. కూరాకులు మట్టుకు ఉడకబెడితే పనికొత్తాయి, అది నాను సూసినాను."

ఈలోగా పై వాళ్లు ఊరుకున్నారా? ఊరుకుంటే వాళ్లు పై వాళ్లెందుకవుతారు. పంతొమ్మిది మిల్లీమీటర్ల మొక్కని ప్రాంగణమంతా విస్తరించాలని ఉత్తర్వు వచ్చింది. లారీలో రెండువందల కుండీలు దిగాయి. వచ్చినవి రకరకాల రంగులు. పసుపువి, ఊదావి, వెండిరంగువి, రెండు మూడిటికి గులాబీలు కూడా ఉన్నాయి. ఒక్కో రంగునీ ఒక్కో జాతిగా ఉపసంఘం నమోదు చేసింది. చోటు సరిపోక, వినియుక్తమైపోయి ఇక డాక్టరేటుకి పనికిరాని పాత చెట్లు కొన్ని కొట్టించారు. పరిపాలనా భవనం ముందున్న వేపచెట్టు, రేకు బోర్డుతో సహా, అలాగే పోయింది. ఆ నీడన కూర్చుని అన్నం తినే గుమాస్తాలు ప్లాస్టిక్ కుండీల మధ్య ఎండలో నిలబడి తిన్నారు. వచ్చే కౌన్సెలింగుకి ఆకుల కొరత లేదని విద్యార్థులు మాత్రం ఊపిరి పీల్చుకున్నారు.

ఝాన్సీ సిద్ధాంత గ్రంథం రాసింది. ఆరో అధ్యాయం ఒకే ఒక్క పుట. ఆకు వేయకుండా చేసిన మూడు పళ్లేలు, వాటి ఫొటోలు, కింద ఒకే వాక్యం: ఈ ఫలితానికి ఆకుతో పనిలేదు.

విశ్వంభరం గారు ఆ పుటని రెండువేళ్లతో పట్టుకుని పైకెత్తారు, పాలల్లో పడ్డ ఈగని తీసినట్టు.

"ఇది తీసెయ్యి తల్లీ. మిగతాదంతా బంగారం. రెండు నెలల్లో నువ్వు డాక్టర్ ఝాన్సీవి."

"అది తీస్తే మిగతాది అబద్ధం అవుతుందండి."

"అబద్ధమని ఎవరన్నారు? చిల్లు పడిందా లేదా? పంతొమ్మిది వచ్చిందా లేదా? ఉన్నది రాశావు. ఉన్నదంతా రాయమని ఎవరూ అడగలేదు."

"సార్, మీది ఏ ఆకండీ?"

ఆయన పుట దించారు. "నాది మారేడు," అన్నారు నెమ్మదిగా. "మూడేళ్లు చేశాను. ముళ్లు గుచ్చుకుని చెయ్యి వాచిపోయింది." పుట తీయమనీ అనలేదు, ఉంచమనీ అనలేదు. సంతకం పెట్టే చోట పెన్సిల్‌తో పెట్టారు, తర్వాత చెరపడానికి వీలుగా.

మౌఖిక పరీక్షకి బయటినుంచి ఒక పరీక్షకుడు వచ్చాడు. మధ్యలో త్రివిక్రమరావు గారు, పక్కన విశ్వంభరం గారు. వెనక వరసలో సూరీడమ్మ టీ కప్పుల పళ్లెం పట్టుకుని నిలబడింది. మొక్క శాస్త్రీయ నామం ఏమిటని పరీక్షకుడు అడిగాడు.

"దానికి శాస్త్రీయ నామం లేదండి. అది ప్లాస్టిక్," అంది ఝాన్సీ. "ఆరో అధ్యాయం చూడండి."

ఆయన చూశాడు. మొదట నవ్వాడు. నవ్వు మధ్యలో తన సొంత డాక్టరేటు గుర్తొచ్చినట్టుంది, ఆపేశాడు. పుట త్రివిక్రమరావు గారి ముందుకి జరిపాడు. ఆయన దాన్ని మూడుసార్లు చదివారు.

"అనగా, తులసి విషయమున కూడ..." అన్నారాయన. గొంతు మొదటిసారి కాగితంలోంచి బయటికి వచ్చింది.

"తులసి మంచిదేనండి," అంది ఝాన్సీ. ఆమెకి జాలేసింది. "మా అమ్మ దగ్గుకి కషాయం పెడుతుంది. ఈ చిల్లు మాత్రం తులసిది కాదనుకుంటానండి."

"చెప్పు పిల్లా, నీకు ఏమి కావలెను?"

"డాక్టరేటు కావాలండి. ఈ పుటతోనే కావాలి."

సంఘం లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. గంటంబావు. సూరీడమ్మ టీలు పట్టుకుని రెండుసార్లు లోపలికి వెళ్లొచ్చింది. "ఒకలి మొకం ఒకలు సూడట్లేదమ్మా," అని చెవిలో చెప్పింది. "నిన్ను పంపించేద్దామంటే, ఎందుకు పంపించినామో రాయాలంట. రాస్తే అందరియీ పోతాయంట."

తలుపు తెరుచుకునేసరికి త్రివిక్రమరావు గారి మొహం మళ్లీ కాగితంలా తెల్లగా, నున్నగా ఉంది. నిలబడి చదివారు.

"అభ్యర్థిని ఆరవ అధ్యాయమున ఒక నూతన పత్రమును కనుగొనినట్లు సంఘము సంతోషముతో గుర్తించుచున్నది. సదరు పత్రము రంగు, రుచి, బరువు, ఆకారము లేనిది. దీనికి శూన్యపత్రమని నామకరణము చేసి, మూడువందల పందొమ్మిదవ సంఖ్యతో అభ్యర్థిని పేర నమోదు చేయడమైనది. ఇరవై మిల్లీమీటర్ల ఫలితముతో ఇది అన్ని పత్రములకంటె శ్రేష్ఠము. డాక్టరేటు ప్రదానమునకు ఏకగ్రీవముగా సిఫారసు చేయడమైనది."

చప్పట్లు కొట్టారు. విశ్వంభరం గారు జేబులోంచి పెన్ను తీసి పెన్సిల్ సంతకం మీద దిద్దారు. పుట ఉంది, డాక్టరేటు వచ్చింది. ఝాన్సీ మెట్లు దిగి సగం దూరం నడిచాక గానీ ఆమెకి తట్టలేదు. అక్కడే నిలబడిపోయింది. ఒక ఆకుకి ఒకే డాక్టరేటు. శూన్యపత్రం ఇప్పుడు వినియుక్తం. అంటే ఇక మీదట ఆ విశ్వవిద్యాలయంలో ఆకు వేయకుండా పళ్లెం పెట్టి చూసే హక్కు ఎవరికీ లేదు. తలుపు తెరిచానని ఆమె అనుకుంది. వాళ్లు ఆమె పేరుతోనే తాళం చేయించారు.

ఆ ఏడాదే సాలూరులో ఆడపిల్లల జూనియర్ కాలేజీలో ఆమె వృక్షశాస్త్రం చెప్పడానికి చేరింది. మొదటి నెల పాఠాలు చెప్పింది. రెండో నెల ముప్ఫైమంది పిల్లల్నీ తలా మూడు రొట్టెముక్కలు తెమ్మంది. బేకరీ రొట్టె నాలుగు రోజులు తడిగా ఉంచితే బూజు పడుతుందని మనందరికీ తెలిసిందే. ఒక ముక్క మీద మంచినీళ్లు చల్లించింది, ఒకదాని మీద తులసి రసం, ఒకదాని మీద కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ఉప్పు పరీక్షలకి వాడే సీసాలోని వెండి ఉప్పు నీళ్లు. ఆకు లేకుండా, ఉత్తవి. ఆ సీసా చుక్క పడితే వేళ్లు నల్లబడతాయని పిల్లలందరి చేతులకీ తొడుగులు వేయించింది. అయిదో రోజుకి మొదటి రెండు ముక్కలూ పిల్లిపిల్లల్లా బొచ్చు వేసుకున్నాయి. మూడోది నల్లబడింది గానీ ఒక్క పోగు బూజు లేదు. తొంభై ముక్కల్లో ఒక్కటీ తేడా రాలేదు. పిల్లలు కాయితాల మీద రాసుకున్నారు. వాళ్లలో ఒకమ్మాయి నాన్న ఆ కాయితం ఫొటో తీసి నలుగురికీ పంపాడు.

పదకొండో రోజున విశ్వవిద్యాలయం జీపు కాలేజీ ముందు ఆగింది. త్రివిక్రమరావు గారే వచ్చారు, ఒక గుమాస్తా, ఒక లక్క కడ్డీ, ఒక కొవ్వొత్తి, ఒక పెద్ద గోధుమరంగు కవరుతో.

"డాక్టర్ ఝాన్సీ గారూ. మీ పేర నమోదైన శూన్యపత్రమును ముప్పదిమంది అనధికారికముగా వినియోగించినట్లు ఫిర్యాదు అందినది. సదరు పత్రమును స్వాధీనపరచుకొనుటకు వచ్చితిమి. ఎచ్చట ఉంచితిరి?"

"చూసి తీసుకోండి సార్," అంది ఝాన్సీ.

వెతికారు. గుమాస్తా బీరువాలు తెరిచి, లోపలున్నవన్నీ పక్కకి తీసి, ఏమీ లేని చోట్లు చూపించాడు. ముందు బల్లలో పిల్లలు పుస్తకాలు మొహాలకి అడ్డం పెట్టుకున్నారు; పుస్తకాలు కదులుతున్నాయి. రొట్టెముక్కల వరస దగ్గర త్రివిక్రమరావు గారు ఆగారు. తులసి అని చీటీ అంటించిన ముక్క మీద బూజు చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని మళ్లీ చూశారు. బూజు అలాగే ఉంది.

ఆఖరికి ఖాళీ కవరు నోరు తెరిచి, గదిలో ఒకసారి అటూ ఇటూ తిప్పి, మూసి, లక్క వేసి, సీలు కొట్టారు. పైన 'శూన్యపత్రము, ఒకటి' అని రాసి, సాక్షులుగా ప్రిన్సిపాలు చేతా ప్యూను చేతా సంతకాలు పెట్టించారు. ప్యూను కవరు బరువు చూసి, జాగ్రత్తగా పట్టుకెళ్లమని గుమాస్తాకి చెప్పాడు.

అప్పుడు త్రివిక్రమరావు గారు ఇంకో కాగితం తీశారు. "ఇది హామీపత్రము. ఇకమీదట మీ పత్రమును ఇతరులకు ఇవ్వనని సంతకము చేయవలెను. లేనియెడల డాక్టరేటు రద్దు చేయుటకు సంఘమునకు అధికారము కలదు."

పిల్లలు పుస్తకాలు దించారు. డాక్టరేటు పోతే మేడం కూడా పోతుందని వాళ్లకి తెలుసు.

ఝాన్సీ కాగితం చదివింది. పెన్ను మూత తీసింది.

"సార్, ఆ ఆకు నాదేనా?"

"నిస్సందేహముగా. పట్టిక యందు మీ పేరే ఉన్నది."

"నాదయితే నేను ఇచ్చుకోవచ్చు కదండీ. మీ నియమాల్లో వాడకూడదని ఉంది. దానం చెయ్యకూడదని ఎక్కడుంది?"

ఆయన సంచీలోంచి నియమావళి తీశారు. తాను రాసిందే. మొదటి పుట నుంచి చివరి పుట దాకా వేలు పెట్టి వెతికారు. ఆకు దానం చేసే మనిషి ఒకరుంటారని రాసేటప్పుడు ఆయనకి తోచలేదు పాపం.

ఈలోగా ఝాన్సీ హామీపత్రం వెనక్కి తిప్పి నాలుగు ముక్కలు రాసింది. తన పేర ఉన్న మూడువందల పందొమ్మిదో ఆకుని ఈ తరగతిలోని ముప్ఫైమంది విద్యార్థినులకీ సమానంగా ఇచ్చేస్తున్నానని రాసి, సంతకం పెట్టి ఆయన చేతికిచ్చింది.

త్రివిక్రమరావు గారు దాన్ని చదివారు. ఆయనకి కాస్త ఊరట దొరికినట్టయింది, ఒక దోషం కనిపించింది మరి.

"ఒక పత్రమును ముప్పదిమందికి పంచుట సాధ్యము కాదు. తునకలైన పత్రము చెల్లదని ఏడవ నియమము. ఒక్కొక్కరికి ఎంత వచ్చును?"

మూడో బల్లలోంచి సన్నటి పిల్ల ఒకతె లేచి నిలబడింది. చేతి తొడుగు ఇంకా విప్పలేదు.

"సున్నాని ముప్ఫైతో భాగిస్తే సున్నాయేనండి," అంది. "మొత్తం ఆకు అందరికీ వస్తుందండి."

త్రివిక్రమరావు గారు చాలాసేపు ఆ పిల్ల వంకే చూశారు. తర్వాత గుమాస్తాని పిలిచి, విషయము గణితశాఖ అభిప్రాయమునకు పంపవలెనని రాయించి, అభిప్రాయము వచ్చువరకు డాక్టరేటును యథాతథముగా ఉంచవలెనని కింద ఇంకో వరస రాయించారు. జీపు ఎక్కబోయి వెనక్కి వచ్చి, తులసి చీటీ ఉన్న రొట్టెముక్క ఒకటి తీసుకోవచ్చునా అని ఝాన్సీని అడిగారు. మామూలు మాటల్లోనే అడిగారు.